అడ్మినిస్ట్రేటర్ అత్తగారు

ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. బ్రేకు మాస్టారంటేనే అందరికీ తెలుసు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పడం ఆయన ఉద్యోగం. ఆ కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద ఒక బ్రేకు, పక్కసీట్లో కూర్చునే మాస్టారి కాలి కింద ఇంకో బ్రేకు ఉంటాయి. ఏళ్ల తరబడి దాని మీద కాలు పెట్టి కూర్చోవడం వల్ల ఆయనకి అదొక అలవాటైపోయింది. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, అందులో ఎవడైనా కారు వేగంగా తోలితే చాలు, ఈయన కాలు నేలని గట్టిగా తొక్కేది. భార్య గ్లాసులో పాలు కాస్త ఎక్కువ పోసినా తొక్కేది.

మనిషి మాత్రం మహా సరదా మనిషి. నోటితో ఎన్ని శబ్దాలైనా చేసేవాడు. కారు నేర్చుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్ళు వెనకనుంచి హారన్ వినపడగానే బిక్కచచ్చిపోతారు. అలాంటివాళ్ళకి ఆయన వైద్యం ఒక్కటే. ఖాళీ మైదానంలోకి తీసుకెళ్ళి, పక్కన కూర్చుని నోటితో లారీ హారన్ కొట్టేవాడు. మొదట ఉలిక్కిపడేవారు, తర్వాత నవ్వేవారు, ఆ తర్వాత నిజం లారీ వచ్చి హారన్ కొట్టినా తాపీగా స్టీరింగ్ తిప్పుకునేవారు. నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోయి ఒక పెద్దావిడ ఏడుపు మొహం పెడితే, ఈయన నోటితోనే ఇంజను స్టార్టు చేసి, "చూశారా, తిరుగుతోంది, ఇప్పుడు మీరు తాళం తిప్పండి" అన్నాడట. ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతుంది.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. మాస్టారు, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే భార్య, కాలేజీలో చదువుతున్న కూతురు, అత్తగారు. అత్తగారంటే భార్య తల్లి. ఆవిడ ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా పనిచేసి రిటైరైంది. నాలుగంతస్తుల భవనం తాళాలన్నీ నడుముకి కట్టుకుని తిరిగిన మనిషి. ఆవిడ నోట ఒక మాట ఎప్పుడూ ఆడుతుండేది: "నేనేమీ అనను గానీ..." ఆ మాట అన్నాక ఆవిడ అనకుండా వదిలేసినది ఏదీ ఉండేది కాదు.

నలుగురికీ కలిపి ఒకే కంప్యూటర్. ముందుగదిలో చెప్పుల స్టాండుకీ కిటికీకీ మధ్య చిన్న బల్ల మీద ఉండేది. అది కొన్న రోజే మాస్టారు కూర్చుని, అడ్మినిస్ట్రేటర్ తానేనని రాసుకున్నాడు. మిగతా ముగ్గురికీ తలా ఒక చిన్న అకౌంటు ఇచ్చాడు. చిన్న అకౌంటు అంటే అందులో పనిచేసుకోవచ్చు, చూసుకోవచ్చు, కానీ కొత్తది ఏదైనా ఎక్కించాలన్నా, ఉన్నది మార్చాలన్నా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి.

"నలుగురూ నడపండి, నాకేం అభ్యంతరం లేదు. బ్రేకు మాత్రం నా దగ్గరే ఉంటుంది" అన్నాడు.

దాంతో ఇంట్లో ఏ చిన్న పనికైనా మాస్టారి కోసం ఎదురుచూడటం మొదలైంది. ఓ రోజు కూతురు కాలేజీలో ఇవ్వాల్సిన కాగితాలు ప్రింటు తీయబోతే, కంప్యూటరేమో కొత్త ప్రింటర్ కలపడానికి పాస్‌వర్డ్ అడిగింది. పిల్ల ఫోన్ చేసింది.

"నాన్నా, పాస్‌వర్డ్ చెప్పు, తొందరగా."

"ఫోన్లో ఎలా చెప్తానమ్మా? పక్కన మనిషి ఉన్నారు."

"ఆవిడ కారు నేర్చుకోవడానికొచ్చారు నాన్నా, మన కంప్యూటర్ దోచుకోవడానికి కాదు!"

"జాగ్రత్త అన్నది అన్నిచోట్లా ఒకటే" అని ఫోన్ పెట్టేశాడు. పిల్ల కాగితాలు వీధి చివర దుకాణంలో ప్రింటు తీయించుకుంది. అత్తగారు ఒక కొత్త పేకాట కావాలని అడిగితే, "పరిశీలిస్తానండీ" అన్నాడు. వారాలు గడిచినా ఆ పరిశీలన తెమల్లేదు. ఆవిడ పాత పేకాటే ఆడుకుంటూ, "నేనేమీ అనను గానీ, మా హాస్టల్లో వంటమనిషి కూడా ఉప్పు డబ్బాకి ఇంత కాపలా కాసేవాడు కాదు" అంది.

ఈమధ్య ఆ కాపలా ఇంకా బిగుసుకోవడానికి వేరే కారణం ఉంది.

డ్రైవర్ల సంఘం ఏటా వార్షికోత్సవం జరిపేది. అందులో మాస్టారి మిమిక్రీ తప్పనిసరి. ఏటా అవే హారన్లు, అవే ఇంజన్లు, స్కూలు యజమాని తుమ్ము. జనం చప్పట్లు కొట్టేవారు గానీ, ఆ చప్పట్లలో ఊపు ఏటేటా తగ్గుతోందని మాస్టారికి తెలుస్తూనే ఉంది. ఈసారి కొత్త అంశం తయారుచేశాడు. ఒక మాస్టారు కొత్తవాడికి కారు నేర్పుతుంటే, వెనకసీట్లో మాస్టారి అత్తగారు కూర్చుని ఉంటుంది. అంతే కథ. ముందునుంచి బస్సు, పక్కనుంచి సైకిలు, వెనకనుంచి అత్తగారు.

ఆ గొంతు పట్టుకోవడానికి ఆయన పడని పాటు లేదు. స్నానాలగదిలో కుళాయి వదిలి సాధన చేసేవాడు. ఒకసారి ఆయన లోపలినుంచి, "పొయ్యిమీద ఏదో మాడుతోంది, ఎవరికీ ముక్కులు లేవా!" అంటే, భార్య, "వస్తున్నానమ్మా" అని వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదు. వాళ్ళమ్మ వరండాలో నిద్రపోతోంది. భార్య ఒక్క నిమిషం స్నానాలగది తలుపుకేసి చూసి వెళ్ళిపోయింది. అప్పట్నించీ ఆవిడకి సంగతి తెలుసు. తెలుసని ఆయనకి తెలియదు.

చేసిన ప్రతి అనుకరణనీ, వాటికి కలపాల్సిన కార్ల శబ్దాలనీ రికార్డు చేసి, కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో దాచాడు. దానికి 'పాత కరెంటు బిల్లులు' అని పేరు పెట్టాడు. ఆ పేరు చూస్తే ఎవరికీ తెరవబుద్ధి కాదని ఆయన ధీమా. కానీ ఒక సాయంత్రం అత్తగారు పేకాట మధ్యలో, "ఈమధ్య కరెంటు ఎక్కువ కాలుతున్నట్టుంది. పాత బిల్లులు తీసి చూడాలి" అనేసరికి ఆయన కాలు నేలని తొక్కింది.

ఆ మర్నాడే ఫోల్డర్‌కి తాళం వేయడానికి కూర్చున్నాడు. ఎవరు తెరవొచ్చు, ఎవరు తెరవకూడదు అని కంప్యూటర్ వరసగా అడిగింది. ఒక్కొక్కరి పేరూ వెతకడం ఎందుకులే అని 'అందరూ' అన్నచోట 'వద్దు' అని పెట్టి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. తర్వాత తాను తెరవబోతే తెరుచుకోలేదు. రెండోసారి నొక్కాడు. మూడోసారి గట్టిగా నొక్కాడు. అందరూ అంటే అందులో తానూ ఉంటానన్న సంగతి బుర్రకెక్కేసరికి అరపూట గడిచింది. ఫోల్డర్ తనదే కాబట్టి ఆ 'వద్దు' తీసేసి, తన పేరు ఒక్కటే ఉంచి, మిగతా ముగ్గురినీ బయటపెట్టాడు. ఇంటి పెద్దని కంప్యూటర్ కూడా అందరిలో ఒకడిగా చూడటం ఆయనకి కాస్త చివుక్కుమనిపించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. గొంతుని ఇంకా నాజూగ్గా మార్చే ప్రోగ్రామ్ ఒకటి ఉచితంగా దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఇంట్లో అందరికీ జాగ్రత్తలు చెప్పిన మనిషి, ఆ ప్రోగ్రామ్ అడిగినవాటికల్లా 'సరే' నొక్కుకుంటూ పోయాడు. అడ్డుపడటానికి ఇంకో అడ్మినిస్ట్రేటర్ లేడు కదా. ముందు తెరమీద ప్రకటనలు పుట్టగొడుగుల్లా లేచాయి. తర్వాత కంప్యూటర్ నత్తలా నడిచింది. ఆ తర్వాత నడవడమే మానేసింది.

బాగుచేయడానికి ఒక మెకానిక్ అమ్మాయి వచ్చింది. మాస్టారు డ్యూటీలో ఉన్నాడు. ఆ అమ్మాయి పెట్టె విప్పి, చూసి, "ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి, వాటికేం కాలేదు. కానీ మొత్తం మళ్ళీ కొత్తగా ఎక్కించాలి, అకౌంట్లు కూడా కొత్తగా పెట్టాలి" అంది. పని అయ్యాక, "అడ్మినిస్ట్రేటర్‌గా ఎవర్ని పెట్టమంటారు?" అని అడిగింది.

భార్య కూతురికేసి చూసింది. కూతురు అమ్మమ్మకేసి చూసింది. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని, "అంటే ఏం చేయాలమ్మా?" అంది.

"ఎవరు లోపలికెళ్ళొచ్చో, ఎవరు వెళ్ళకూడదో మీరు చెప్పాలండీ. తాళాలు మీ దగ్గరుంటాయి."

"ఓస్, అంతేనా!" అని కుర్చీ ముందుకి జరుపుకుంది ఆవిడ. "రాసుకో, నేనే."

సాయంత్రం మాస్టారు వచ్చి, కంప్యూటర్ బాగుపడిందని మురిసిపోతూ కూర్చున్నాడు. తన పేరుతో కొత్త అకౌంటు ఉంది. లోపలికెళ్ళి ఫోల్డర్ నొక్కాడు. 'ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదు. మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి' అని వచ్చింది.

"అడ్మినిస్ట్రేటర్ని నేనే కదే!" అన్నాడు తెరతో.

"కాదు నాన్నా" అంది కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండా. "అమ్మమ్మ."

ఆయన వరండాలోకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, మెకానిక్ అమ్మాయికి ఫోన్ చేశాడు.

"అది నా ఫోల్డరమ్మా. నేను చేసుకున్నదే. నన్నే రానివ్వట్లేదు."

"అది మీ పాత అకౌంటుది సార్. ఆ అకౌంటు ఇప్పుడు లేదు. మీరు మీరేనని మాకు తెలుసు, కంప్యూటర్‌కి తెలియదు. అడ్మినిస్ట్రేటర్ ఆ ఫోల్డర్‌ని ముందు తన సొంతం చేసుకోవాలి, తర్వాత మీకు అనుమతి ఇవ్వాలి. మీ ఇంట్లో పెద్దావిడ చేయగలరు, నేర్పించే వచ్చాను. చాలా త్వరగా పట్టేశారు."

"ఇంకో దారి లేదా?"

"ఆవిడని అడగడానికేం సార్, మంచివారే కదా!"

వార్షికోత్సవం ఆ వారాంతంలోనే. ఏ హారన్ తర్వాత ఏ మాట రావాలో కూర్చుకున్న వరసంతా ఆ ఫోల్డర్లోనే ఉంది, అది లేకుండా అంశం లేదు. మాస్టారు ముందు దొడ్డిదారి చూశాడు. ఇంట్లో ఎవరూ లేని పూట కూర్చుని అత్తగారి పాస్‌వర్డ్ ఊహించడం మొదలుపెట్టాడు. మనవరాలి పేరు కొట్టాడు, హాస్టల్ పేరు కొట్టాడు, 'నేనేమీ అనను' అని కూడా కొట్టాడు. కాసేపటికి కంప్యూటర్‌కి విసుగొచ్చి ఆ అకౌంటుని కొంతసేపు మూసేసింది. సరిగ్గా అప్పుడే అత్తగారు పేకాట కోసం వచ్చింది.

"నా అకౌంటు మూసేసిందేమిటి? ఎవరో తప్పుడు పాస్‌వర్డ్‌లు కొట్టారంటోంది."

"పిల్లి ఏమైనా ఎక్కిందేమోనండీ బల్ల మీద."

"మనకి పిల్లి లేదు అల్లుడుగారూ."

"అదేనండీ, పక్కింటి పిల్లి."

ఆవిడ ఇంకేం అనలేదు. అందుకే ఆయనకి మరీ భయమేసింది. భార్య దుకాణం నుంచి రాగానే బతిమాలాడు.

"ఏమోయ్, మీ అమ్మతో నువ్వొక మాట చెప్పకూడదూ?"

"నేనెందుకండీ మధ్యలో? మీ ఫోల్డరు, మీ అత్తగారు. మీరే అడగండి" అంది భార్య, నవ్వు కనపడకుండా అద్దం కేసి తిరిగి జడ విప్పుకుంటూ.

ఇక తప్పలేదు. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని కమలాపండు వలుస్తోంది. ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. హాస్టల్లో ఆలస్యంగా వచ్చిన పిల్లలు ఎలా నిలబడేవారో అచ్చం అలాగే నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, చిన్న ఫోల్డరండీ. మీరు కాస్త అనుమతి ఇస్తే..."

"ఏముందందులో?"

"పాత కరెంటు బిల్లులండీ."

"బిల్లులకి తాళమెందుకు?"

"జాగ్రత్త కోసమండీ."

"మంచిదే. పదండి, నేనూ చూస్తాను. నాకూ కావాలవి."

మాస్టారు తల గోక్కున్నాడు. "బిల్లులు కావండీ. శబ్దాలు. కార్లవీ, బస్సులవీ. సంఘం వాళ్ళ కార్యక్రమానికి."

"అయితే వినాల్సిందే. ఏం వస్తువో తెలియకుండా లోపలికి పంపడం నా సర్వీసులో లేదు" అని లేచింది.

ముందుగదిలో అందరూ చేరారు. అత్తగారు, "అటు తిరగండి" అంటే మాస్టారూ భార్యా గోడకేసి తిరిగారు. ఆవిడ ఒక్కో అక్షరమూ వెతికి పాస్‌వర్డ్ కొట్టింది. కూతురు పక్కనుండి ఎక్కడ నొక్కాలో చూపిస్తుంటే, ఫోల్డర్ సొంతదారు పేరు దగ్గర తన పేరు పెట్టుకుంది. తర్వాత అల్లుడి పేరు చేర్చింది. ఒక ఆకుపచ్చ గీత అటునుంచి ఇటు పాకి, ఫోల్డర్ తెరుచుకుంది. బస్సు హారన్. సైకిలు బెల్లు. బ్రేకు కీచు. వాటి కింద వరసగా: అత్త. అత్త రెండు. అత్త కొత్తది. అత్త చివరిది. అత్త నిజంగా చివరిది.

"అత్తేమిటి?" అంది అత్తగారు.

మాస్టారి కాలు నేలని తొక్కింది. కానీ అప్పటికే పిల్ల 'అత్త నిజంగా చివరిది' నొక్కేసింది.

బస్సు గర్జించింది, సైకిలు బెల్లు మోగింది, వెనకనుంచి గొంతు లేచింది: "నేనేమీ అనను గానీ ఆ లారీ మనకేసే వస్తోంది. నేనేమీ అనను గానీ ఇతనికి కళ్ళు చూపించి తీసుకురావాల్సింది. ఆ సైకిలతని మొహం చూడండి, పాపం ఇంట్లో చెప్పొచ్చాడో లేదో!"

అత్తగారు తల పక్కకి వంచి విన్నది. ఆవిడ మొహం మెల్లగా విచ్చుకుంది. ఒక్కసారిగా పకపకా నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

"మా అక్క! అచ్చు మా అక్కే! ఎక్కడ పట్టారు అల్లుడుగారూ? ఆవిడ అంతే, పక్కన కూర్చుంటే మనిషిని బతకనివ్వదు."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అవునండీ, పెద్దత్తయ్యగారే. ఆవిడ కూడా నాకు అత్తే కదండీ" అన్నాడు. భార్య కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. పిల్ల బల్ల మీద తల పెట్టేసింది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు" అంది అత్తగారు. మళ్ళీ పెట్టారు. ఆవిడ తొడ చరుచుకుంటూ, "నేనేమీ అనను గానీ, మా అక్క వింటే..." అంటూ ఉండగానే, స్పీకర్లోంచి అదే గొంతు, అదే ఎత్తుపల్లాలతో, "నేనేమీ అనను గానీ..." అంది.

ఆవిడ ఆగిపోయింది. కంప్యూటర్ మాత్రం ఆగకుండా లారీ గురించి చెప్పుకుంటూ పోయింది. ఆవిడ తెరకేసి చూసింది, అల్లుడికేసి చూసింది, ఊగుతున్న మనవరాలి భుజాలకేసి చూసింది. అంతా అర్థమైపోయిందని మాస్టారికి తెలిసిపోయింది.

"ఆపు" అంది ఆవిడ పిల్లతో. "అల్లుడుగారూ."

"అండీ."

"అందులో తప్పుంది."

"క్షమించండి అత్తయ్యగారూ, నేను..."

"క్షమించడానికి కాదు చెప్పేది, వినండి. నేను 'నేనేమీ అనను గానీ' అన్నాక కాస్త ఆగుతాను. మీరు ఆగట్లేదు, గుక్క తిప్పుకోకుండా పరుగెత్తుతున్నారు. ఆ ఆగడంలోనే ఉంది అసలు దెబ్బ. పిల్లలు వణికేది ఆ మాటకి కాదు, దాని తర్వాత మౌనానికి. ఏదీ, మళ్ళీ అనండి."

మాస్టారు అన్నాడు. ఆగాడు.

"ఇంకాస్త. కళ్ళజోడు పైనుంచి చూడాలి. ఆ... ఇప్పుడు చెప్పండి."

ఆ సాయంత్రమంతా ముందుగదిలో అదే పని. భార్య కొత్తవాడి వేషంలో కుర్చీలో కూర్చుని చాట స్టీరింగ్‌లా తిప్పింది. అత్తగారు తన హాస్టల్ రోజుల్లోంచి తనే మరిచిపోయిన మాటలు ఏరి ఏరి అందించింది. "దుప్పటి కింద వెలుతురు కనపడుతోంది, అది చదువు వెలుతురా, నవల వెలుతురా అని అడిగేదాన్ని. అది కూడా పెట్టండి" అంది. కారులో దుప్పటి ఎందుకుంటుందని మాస్టారు అడిగితే, "జనం నవ్వుతుంటే ఎవరూ అడగరు" అంది. ఇన్నేళ్ళలో ఆయన శబ్దాలని చివరిదాకా కూర్చుని విన్నవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అందుకేనేమో, ఆ రోజు ఆయన అయిపోయిన శబ్దాలని కూడా మళ్ళీ మొదట్నించీ చేసి చూపించాడు.

వార్షికోత్సవం నాడు హాలు నిండింది. అత్తగారు ముందువరసలో కూర్చుంది. మాస్టారు మైకు దగ్గర బస్సుని నడిపించాడు, సైకిలతన్ని తప్పించాడు. వెనకసీట్లోంచి, "నేనేమీ అనను గానీ" అని, కళ్ళజోడు పైనుంచి చూసి, ఆగాడు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. తర్వాత పైకప్పు లేచిపోయేట్టు నవ్వింది. ఆ అంశంలోనే ఒకచోట, "ఎవరది తలుపు దగ్గర? ఈ వేళప్పుడు ఎక్కడికి?" అన్నాడు. సరిగ్గా అప్పుడే చివరివరసలోంచి ఫోన్ మాట్లాడటానికి లేచి తలుపుదాకా వెళ్ళిన ఒక నడివయసు బస్సు డ్రైవరమ్మ, ఉన్నచోటే బిగుసుకుపోయి, ఫోన్ వెనక దాచుకుని, గబగబా వచ్చి కూర్చుంది. కార్యక్రమం అయ్యాక ఆవిడే ముందుకొచ్చి అత్తగారి చేతులు పట్టుకుంది.

"వార్డెన్ మేడమ్! నేనండీ, మూడో అంతస్తు. గోడ దూకి దొరికిపోయానే..."

"రెండుసార్లు దొరికావు" అంది అత్తగారు. "ఇప్పుడేం నడుపుతున్నావు?"

"బస్సండీ. మొదట కారు నేర్చుకున్నది మీ అల్లుడుగారి దగ్గరే. ఈయన మీ అల్లుడని నాకేం తెలుసు?"

"అనుమతి లేకుండా గోడలు దూకేవాళ్ళందరూ చివరికి మా ఇంటి దగ్గరే తేలుతున్నారు" అంది అత్తగారు. మాస్టారు పక్కింటి పిల్లి గుర్తొచ్చి తలవంచుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకి, ఆవిడ అడ్మినిస్ట్రేటర్ పదవి తనంతట తానే వదులుకుంది. అల్లుడు తనకి తిరిగిస్తుందేమోనని ఆశగా కుర్చీ దగ్గరకి జరిగాడు. ఆవిడ ఆయనకేసి చూడనుకూడా చూడలేదు.

"జీవితమంతా తాళాలే మోశాను. ఇక చాలు. పిల్లకి రాయండి" అంది.

పిల్లకి రాశారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికేం కావాలన్నా కాలేజీ వదిలేదాకా ఆగాలి. ఒక మధ్యాహ్నం అల్లుడికి కొత్త మైకు కలపాల్సొచ్చింది, అత్తగారికి కొత్త పేకాట కావాల్సొచ్చింది. ఇద్దరూ కంప్యూటర్ ముందు పక్కపక్కనే కూర్చుని పిల్లకి ఫోన్ చేశారు.

"పాస్‌వర్డ్ చెప్పమ్మా" అన్నాడు మాస్టారు.

"ఎందుకు నాన్నా?"

"మైక్‌కి. మీ అమ్మమ్మకి పేకాటకి."

"ఇద్దరూ వేరువేరుగా అడగండి. అమ్మమ్మ ముందు. ఆడేది ఎంతసేపు?"

అత్తగారు ఫోన్ అందుకుని, పక్కకి తిరిగి, గొంతు బాగా తగ్గించి, "ఒక్క ఆటేనమ్మా" అంది.